చూసినవాడు చెప్పాలంటే

1981 సెప్టెంబరు చివరి వారం. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో మీటీట్సీ అనే చిన్న ఊరు. ఊరి పరిసరాల్లో, పశువులు మేపుకునే ఒక రాంచ్‌లో షెప్ అనే కుక్క రాత్రిపూట దేనితోనో కలబడింది. తెల్లవారి చూస్తే దాని తిండిగిన్నె దగ్గర ఒక జంతువు చచ్చిపడి ఉంది. ఇంచుమించు ముంగిసంత ఉంటుంది. సన్నగా పొడుగాటి ఒళ్లు, లేత పసుపు బొచ్చు, కళ్లకు అడ్డంగా నల్లటి పట్టీ, నల్లటి కాళ్లు, తోక కొస కూడా నలుపే. ఇంటాయన దాన్ని తీసి అవతల పారేశాడు. సంగతి విన్న ఇంటావిడకు మాత్రం అదేమిటో చూడాలనిపించింది. పారేసినదాన్ని వెతికి తెచ్చారు. తోలు పదిలం చేయించి ఇంట్లో పెట్టుకుందామని, ఊళ్లో ఆ పని చేసే అతని దగ్గరికి పట్టుకెళ్లారు. అతను చూస్తూనే పోల్చుకున్నాడు. అది నల్లకాళ్ల ఫెర్రెట్. లోకంలో ఇక లేదని అప్పటికే అందరూ ఆశ వదులుకున్న జంతువు.

ఆశ వదులుకోవడానికి కారణం లేకపోలేదు. ఈ ఫెర్రెట్‌కు తిండీ గూడూ రెండూ ప్రెయిరీ డాగ్‌లే. అవి ఉడుత జాతివి. గడ్డి మైదానాల్లో కలుగులు తవ్వుకుని, వందలూ వేలుగా ఒకచోట చేరి బతుకుతాయి. ఫెర్రెట్ తినేదాంట్లో నూటికి తొంభై పాళ్లు వాటి మాంసమే, పడుకునేది వాటి కలుగుల్లోనే. పశువులకు దక్కాల్సిన గడ్డిని ఇవి మేసేస్తున్నాయని రాంచ్‌లవాళ్లు, వాళ్ల వెనుక ప్రభుత్వం ఇరవయ్యో శతాబ్దం పొడుగునా విషపు గింజలు చల్లారు. 1900 ప్రాంతంలో ఓడల మీదుగా ఆ ఖండంలో దిగిన ప్లేగు తెగులు తతిమ్మావాటిని కలుగులకు కలుగులే ఖాళీ చేసింది. 1964లో సౌత్ డకోటాలో ఒకచోట కొన్ని ఫెర్రెట్‌లు కనిపించాయి. పదేళ్లు తిరిగేసరికి అవీ మాయమయ్యాయి. వాటిలో పట్టి తెచ్చి సాకిన కొన్నింటిలో ఆఖరిది 1979లో చచ్చిపోయింది. ఆ తర్వాత రెండేళ్లకు షెప్ తిండిగిన్నె పక్కన ఇది తేలింది.

ఈ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా కుక్కను మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కానీ కాస్త నిదానించి చూస్తే, ఆ ఉదయం ఎన్నిచోట్ల ఈ కబురు ఆగిపోయే వీలుందో అర్థమవుతుంది. పారేసిన కళేబరం గురించి ఇంటాయన ఇంట్లో మాటవరసకైనా చెప్పకపోతే అంతే. ఇంటావిడ పనిలో పడి పట్టించుకోకపోతే అంతే. తోలు బాగుచేసే అతను పోల్చుకుని కూడా, లేనిపోని తంటా మనకెందుకని గడ్డి కూరి చేతికిచ్చి డబ్బులు పుచ్చుకున్నా అంతే. అతను అలా చేయలేదు. అధికారులకు కబురు పెట్టాడు. వాళ్లొచ్చి కళేబరాన్ని పట్టుకెళ్లారు. ఇంట్లో అలంకారంగా పెట్టుకుందామనుకున్న జంతువు చేజారినా ఆ దంపతులు తగాదా పెట్టుకోలేదు. నెల తిరిగేసరికి అక్కడే బతికున్న ఫెర్రెట్ కనబడింది. చుట్టుపక్కల రాంచ్‌లవాళ్లు తమ గేట్లు తెరిచి, రాత్రిళ్లు దీపాలు పట్టుకుని తిరిగే జీవశాస్త్రవేత్తలను లోపలికి రానిచ్చారు. అవి సొంత భూములు. రావద్దంటే రావద్దనే. 1984 వేసవిలో లెక్క పెడితే 129 తేలాయి.

ఆ సంతోషం ఏడాది కూడా నిలవలేదు. 1985లో ప్రెయిరీ డాగ్‌లకు ప్లేగు తగిలింది. ఫెర్రెట్‌లకు కుక్కల రోగమైన డిస్టెంపర్ అంటుకుంది. ముందుగా పట్టిన ఆరూ ఆ రోగంతోనే పోయాయి. 1987 ఫిబ్రవరిలో ఆఖరిదాన్ని పట్టి తెచ్చేనాటికి మిగిలినవి మొత్తం పద్దెనిమిది. వాటిలో ఏడింటి సంతతే ఈనాటి ఫెర్రెట్‌లన్నీ. 1988లో గడ్డకట్టించి దాచిన ఒక ఫెర్రెట్ కణాల నుంచి 2020లో క్లోనింగ్ ద్వారా పిల్లను పుట్టించారు కూడా. ఆ శాస్త్రం ఇంకోరోజు మాట్లాడుకోవచ్చు. ఇవాళ మన దృష్టి మాత్రం గేటు తెరిచిన రాంచ్ మనిషి మీద.

ఎందుకంటే ఆయన గేటు తెరవకుండా ఉండటానికి కావలసినన్ని కారణాలున్నాయి. 1973 నాటి అమెరికా చట్టం ప్రకారం అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుకు హాని చేయడం నేరం. దాని నివాసాన్ని చెరపడాన్నీ హాని కిందే లెక్కగట్టారు. చట్టం మంచిదే. దానివల్ల బతికిన ప్రాణులు చాలా ఉన్నాయి. కానీ భూమి ఉన్నవాడి వైపు నుంచి చూడండి. తన పొలంలో అరుదైన జంతువు ఉందని తేలితే పశువులను ఎక్కడ మేపుకోవాలో, బావి ఎక్కడ తవ్వుకోవాలో మరొకరు వచ్చి చెబుతారేమోనన్న భయం. అక్కడి పశ్చిమ రాష్ట్రాల్లో ఈ భయం నుంచే ఒక మాట పుట్టింది: కాల్చెయ్, పాతెయ్, నోరు మూసుకో. అందరూ అలా చేశారని కాదు. ఆ మాట అందరి నోళ్లలో నానిందంటే మాత్రం భయం నిజమే. నార్త్ కరోలినాలో ఒక జాతి వడ్రంగిపిట్ట ముదురు పైన్ చెట్లలోనే గూడు తొలుస్తుంది. ఆ పిట్టలున్న చోటికి దగ్గర్లోని తోటల యజమానులు, అవి తమ తోటలోకి రాకముందే చెట్లను లేతగానే నరికేస్తున్నారని ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కలతో చూపించారు. పిట్టను కాపాడటానికి చేసిన చట్టం, పిట్ట రాబోయే చెట్టును కొట్టించింది.

దీనికి విరుగుడు కూడా ఆ పిట్ట దగ్గరే మొదలైంది. 1995లో అదే నార్త్ కరోలినాలో సేఫ్ హార్బర్ పేరుతో ఒక ఒప్పందం తెచ్చారు. దాని సారం ఇంతే: నీ భూమిని ఆ ప్రాణికి అనువుగా ఉంచు, అందువల్ల అది వచ్చి చేరినా, పిల్లల్ని పెట్టి పెరిగినా, నీ మీద కొత్త ఆంక్షలేవీ పెట్టం. ఫెర్రెట్ విషయంలో ఇలాంటి ఒప్పందం 2013లో వచ్చింది. 2015లో వయోమింగ్ రాష్ట్రమంతటికీ నిబంధనలు సడలించారు. రాంచ్ పనుల్లో తెలియక ఒక ఫెర్రెట్ చనిపోతే యజమానిని నేరస్తుణ్ని చేయబోమని ప్రభుత్వం రాసిచ్చింది. మరుసటి ఏడు, అంటే 2016 జులైలో, మీటీట్సీ దగ్గరి రెండు రాంచ్‌లలో 35 ఫెర్రెట్‌లను తెచ్చి వదిలారు. ప్లేగును మోసే పురుగులు చావాలని అంతకుముందే కలుగుల్లో మందుపొడి చల్లారు. ఆ భూములు ఇవాళ్టికీ పశువుల మేతభూములే. ఎవరినీ ఖాళీ చేయించలేదు.

ఇలాంటిదే ఇంకొకటి, దక్షిణాన మెక్సికో సరిహద్దులో. 1996 మార్చిలో వార్నర్ గ్లెన్ అనే రాంచర్ వేటకుక్కలను వెంటేసుకుని పెలోన్సీయో కొండల్లో కూగర్ అనే పెద్దపిల్లి కోసం వెళ్లాడు. కుక్కలు ఒక జంతువును బండ మీదికి తరిమి మొరుగుతున్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ఒంటినిండా మచ్చలతో జాగ్వార్. ఆ దేశంలో జాగ్వార్‌లు దాదాపు కనుమరుగైపోయిన కాలమది. గ్లెన్ కెమెరా తీసి ఫొటోలు తీసుకున్నాడు. ఆ తర్వాత కుక్కలను వెనక్కి పిలిచి దాన్ని వెళ్లనిచ్చాడు. అంతకన్నా గొప్ప పని, ఆ ఫొటోలను దాచుకోకపోవడం. పశువులు మేపే మనిషి, తన భూమి పక్కన పశువులను తినే మృగం తిరుగుతోందని ఊరందరికీ చెప్పాడు. పుస్తకం కూడా వేశాడు. మరుసటి ఏడు జాగ్వార్‌కు అమెరికా గడ్డ మీద కూడా చట్టరక్షణ దక్కింది.

ఆయనకా ధైర్యం ఒక్కడిగా ఉంటే వచ్చేదో లేదో. రెండేళ్ల ముందే, 1994లో, అక్కడి రాంచర్లు శాస్త్రవేత్తలతో కలిసి మాల్పై బోర్డర్‌ల్యాండ్స్ గ్రూప్ అనే సంఘం పెట్టుకున్నారు. దాదాపు 8 లక్షల ఎకరాల మేర వాళ్ల పని. జాగ్వార్ దూడను చంపితే ఆ నష్టం పూడ్చడానికి సంఘమే ఒక నిధి పెట్టింది. వాళ్లు చేసినవాటిలో మనసుకు బాగా పట్టేది గడ్డి బ్యాంకు. కరువు వచ్చిన ఏడు తన భూమిలో గడ్డి లేని రాంచర్, సరిహద్దులోని ఒక పెద్ద రాంచ్‌లో తన పశువులను మేపుకోవచ్చు. అందుకు బదులుగా తన భూమిని ఎన్నటికీ ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మనని రాసివ్వాలి. అక్కడే ఇంకో కుటుంబం కరువులో తమ పశువుల నీటిగుంట ఎండిపోతుంటే, అందులో మిగిలిన అరుదైన కప్పల కోసం వారం వారం ట్రక్కులో నీళ్లు తోలింది. ఆ గుంట తవ్వింది పశువుల కోసం. కప్పలకు మాత్రం చుట్టుపక్కల అదొక్కటే దిక్కైంది.

ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మనుషులు వాడుకునే నేల పాడైన నేల అనీ, మంద తొక్కినచోట మృగం ఉండదనీ మనలో చాలామందికి ఒక నమ్మకం. అన్నిచోట్లా అది నిజం కాదు. మన రాయలసీమే ఇందుకు సాక్ష్యం.

కలివికోడి సంగతి తెలుగువాళ్లలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. గోధుమరంగు ఒళ్లు, రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు, పెద్ద కళ్లు, రాత్రిపూట మాత్రమే పొదల నడుమ పరుగులు తీసే పిట్ట. 1848లో శాస్త్రం దానికి పేరు పెట్టింది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనబడ్డాక మళ్లీ ఎవరికీ చిక్కలేదు. ఎనభై అయిదేళ్లపాటు పోయిందనే రాసుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్నవారికి కడప జిల్లాలో, లంకమల కొండల దాపున, మళ్లీ దొరికింది. దొరికింది అనడం కన్నా, ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ దీపం వెలుగులో పట్టి తెచ్చి చూపించాడు అనడం న్యాయం. శాస్త్రానికి పోయిన పిట్ట ఆయనకు పోలేదు. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివికోడి అని ఆ చుట్టుపక్కల జనం దాన్ని ఎరిగే ఉన్నారు. అడిగినవాడు లేక చెప్పలేదంతే. దురదృష్టవశాత్తూ ఆ పట్టిన పిట్ట బతకలేదు. కానీ ఆ ఒక్క పిట్ట వల్ల 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

తర్వాతి పరిశోధన ఇంకా ఆసక్తికరం. రాత్రిపూట తిరిగే పిట్ట, పైగా మనిషి అలికిడికి కదలదు, దాన్ని లెక్కపెట్టేదెలా? పొదల సందుల్లో మెత్తటి మట్టిని జల్లించి పొడుగాటి పట్టీలుగా పరిచారు. తెల్లవారగానే వెళ్లి ఆ మట్టి మీద పడిన కాలిగుర్తులు చూసేవారు. కుందేలుదా, కౌజుదా, కలివికోడిదా అని ఒక్కో వేలిముద్రనూ కొలిచి తేల్చేవారు. అలా నెలల తరబడి చేస్తే ఒక సంగతి బయటపడింది. పొదలు మరీ దట్టంగా ఉన్నచోట అది ఉండదు. పొదలు బొత్తిగా లేనిచోటా ఉండదు. హెక్టారుకు మూడు వందల నుంచి ఏడు వందల దాకా పెద్ద పొదలు, నడుమ కాస్త ఖాళీ నేల, అలాంటి చోటే దానికి నచ్చుతుంది. ఆ నేలను అలా ఉంచుతున్నది ఎవరు? మితంగా మేసే మేకలూ గొర్రెలూ, వంటచెరకు కొట్టుకెళ్లే ఆడవాళ్లూ. మంద పూర్తిగా ఆగిపోతే పొదలు కమ్ముకుంటాయి. మంద మితిమీరితే పొద మిగలదు. కాపరిని శత్రువని ముద్ర వేసి గీత అవతలికి నెట్టేస్తే కలివికోడికే నష్టం.

నిజంగా ఆ పిట్ట మీదికి వచ్చిన పెద్ద ముప్పు మేకల వల్ల రాలేదు. 2005లో తెలుగుగంగ కాలువ కోసం యంత్రాలు దాని పొదల్లోకి దిగాయి. పరిశోధకులు చూసి గోల పెడితే, విషయం ఢిల్లీ దాకా వెళ్లి కాలువ దారి మారింది. రాయలసీమకు నీళ్లు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. దారి మార్చి కూడా నీళ్లు తేవచ్చని అప్పుడు తేలింది.

చెప్పినందుకు నష్టపోయే పరిస్థితి ఉంటే ఏమవుతుందో కూడా మన దేశంలోనే చూశాం. మధ్యప్రదేశ్‌లోని కరేరాలో బట్టమేకపిట్టలు అనే అరుదైన పక్షులు పొలాల మధ్య కనబడ్డాయి. 1981లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. ఆ గీతలోపల ఊళ్లు, పొలాలు ఉన్నాయి. భూములు అమ్ముకోకూడదు, కొనుక్కోకూడదు అన్నారు. ఆడపిల్ల పెళ్లికి అరెకరం అమ్ముకోలేని రైతు ఎవరి మీద కోపం తెచ్చుకుంటాడు? ఉత్తర్వు రాసినవాడు అతనికి కనబడడు. పిట్ట కనబడుతుంది. 1990ల నడుమకల్లా కరేరాలో బట్టమేకపిట్ట లేకుండా పోయింది. పిట్ట పోయాక కూడా ఆంక్షలు ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి.

మన రోళ్లపాడు కథ అంత కటువైనది కాదు కానీ, దగ్గరిదే. కర్నూలు పక్కన నందికొట్కూరు వైపు గడ్డి బీళ్లలో బట్టమేకపిట్ట ఉందని తెలిసి 1988లో అభయారణ్యం చేశారు. ఆరు చదరపు కిలోమీటర్లు దాటి కొంచెం. తొలి ఏళ్లలో పిట్టలు బాగానే ఉన్నాయి. కృష్ణజింకలు వేగంగా పెరిగాయి. పెరిగిన జింకలు కంచె దాటి చుట్టుపక్కల శనగ, జొన్న చేలలో పడ్డాయి. రైతు నష్టానికి పరిహారం అందే తీరు మనకు తెలియనిదేం కాదు. అర్జీ, పంచనామా, ఫొటోలు, తిరిగినన్నిసార్లు బస్సు చార్జీలు. చివరికి చేతికొచ్చేది వచ్చేసరికి మరో పంట కూడా అయిపోతుంది. చుట్టూ పంటల తీరు మారింది, బీళ్లు తగ్గాయి. ఇవాళ రోళ్లపాడులో బట్టమేకపిట్ట కోసం వెళ్లినవారికి జింకలే కనబడతాయి.

ఈ బీళ్ల మాట మరొకటి. గడ్డీ పొదలూ ఉన్న భూమికి ప్రభుత్వ కాగితాల్లో బంజరు అనే పేరు. దేశంలో వాటన్నిటికీ కలిపి పటాలు వేసి బంజర్ల అట్లాస్ అని పేరుపెట్టారు. పనికిరానిదని ముద్ర పడిన నేలను ఏం చేసినా అడిగేవాడుండడు. వెంచర్లు వేయవచ్చు, సౌర ఫలకాలు పరచవచ్చు, నీలగిరి మొక్కలు నాటి అడవి పెంచామని చెప్పుకోవచ్చు. అక్కడే ఏటా మంద కట్టుకునే గొర్రెల కాపరికి మాత్రం అది ఏ నెలలో ఏ గడ్డి మొలిచే నేలో తెలుసు. తోడేలు ఏ గుట్ట బొరియలో పిల్లలు పెట్టిందో తెలుసు. ఏ పిట్ట ఏ పొద కింద గుడ్లు పెడుతుందో తెలుసు. ఆ తెలివిడి ఎక్కడా రాసి లేదు. కాపరి కొడుకు బెంగళూరులో కాపలా ఉద్యోగానికి వెళ్లిన రోజున అది తండ్రితోనే ఆగిపోతుంది.

అమెరికా రాంచర్‌కూ మన కాపరికీ పోలిక తేలేం. ఆయనది వేల ఎకరాల సొంత భూమి. గేటు మూసుకునే హక్కు ఆయనకుంది. మన కాపరి మేపేది పోరంబోకులోనో అడవి అంచునో. గేటు ఆయనది కాదు, పైపెచ్చు అధికారి కనబడితే జరిమానా భయం. తోడేలు మూడు గొర్రెలను ఎత్తుకుపోతే, అది జరిగిన చోటు అడవి గీతకు ఇవతలా అవతలా అన్న ప్రశ్నే మొదట వస్తుంది. అవతలైతే, అక్కడ నీకేం పని అంటారు. అలాంటి మనిషి ఒక తెల్లవారుజామున కలివి పొదల మధ్య ఎన్నడూ చూడని పిట్టను చూస్తే ఎవరితో చెబుతాడు? చెప్పడానికి వెళ్తే తాను అక్కడికి ఎందుకు వెళ్లాడో ముందు జవాబు చెప్పుకోవాలి.

చేయగలిగినవి పెద్ద ఖర్చు లేనివి, అసాధ్యమైనవి అసలే కావు. లంకమల అంచు ఊళ్లలో, రోళ్లపాడు చుట్టుపక్కల, గడ్డి బీళ్లు మిగిలిన ప్రతి మండలంలో కాపరులను ఏడాది పొడుగునా కూలి ఇచ్చి గమనింపు పనికి పెట్టుకోవచ్చు. చూసినదాన్ని చెప్పిన మనిషిని ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు అని మాత్రమే అడగాలని, అక్కడ నీకేం పని అని అడగరాదని రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వవచ్చు. తోడేలు తిన్న గొర్రెకు, జింక మేసిన శనగకు ఆ సీజను దాటకుండా డబ్బు అందించవచ్చు. కొత్తగా ఒక చోటును రక్షణ కిందికి తెచ్చేముందు, మితమైన మేతను అందులో భాగంగా లెక్కగట్టవచ్చు. ఇందుకు కొత్త చట్టాలు అక్కర్లేదు. కడప, నంద్యాల జిల్లాల అటవీ అధికారులు, పశుసంవర్ధక శాఖవాళ్లు, గొర్రెల పెంపకందారుల సంఘాల పెద్దలు ఒక బల్ల దగ్గర కూర్చుంటే వచ్చే వేసవి మందలు కొండ ఎక్కే లోపే మొదలుపెట్టవచ్చు.